నల్లరేగడి ఊర్ల ఇంకుడు గుంతలు ఇంకుతలేవు, మోరీ నీళ్లు కుంటల కలవకుండ ఏం చేయాలె?

రేగడిపోరడు
2023 మార్చి 11, ఉదయం 7:40

అందరికి నమస్తే. మాది తాండూరు దిక్కు. 340 ఇండ్లు, 1,500 జనం, ఊరంత నల్లరేగడి. నేను వార్డు మెంబర్ను.

ఊర్ల సీసీ రోడ్లు పడ్డయి, పక్కపొంటి నాపరాళ్ల మోరీలు కట్టిన్రు. అన్ని మోరీలు ఊరి కింద ఒక్కకాడ కలిసి కుంటల పడ్తయి. ఎనుకట బోరింగు కాడికి పోయి బిందెలతోని తెచ్చుకునే రోజుల్ల ఆ నీళ్లు కుంటదాంక రాకముందే ఎండిపోయేటివి. ఇప్పుడు ఇంటింటికి భగీరథ నల్లా ఉంది, మోరీ ఎండుతలేదు. కుంటంత గుర్రపుడెక్క, బర్రెలు దిగుతలేవు. మొన్నటి సద్దుల బతుకమ్మ నాడు ఆడోళ్లు నీళ్లల్ల వేయకుండ గట్టు మీదనే పెట్టి ఇంటికొచ్చిన్రు. మా అమ్మకు అరవై ఏండ్లు, ఇసొంటిది ఎన్నడు చూడలేదన్నది.

మూడేండ్ల కింద ఉపాధి హామీల ఇంటింటికి ఇంకుడు గుంత తవ్వించిన్రు. మా గుంత మొదటి వానకు నిండింది, ఇప్పటికి నిండే ఉంది. అమ్మ దాని మీద బండ పరిచి గిన్నెలు తోముకుంటున్నది.

ఇప్పుడు ఒక కంపెనీ ఆయన వచ్చి మోరీ నీళ్లు శుద్ధి చేసే మిషన్ పెడ్తమంటున్నడు. మోటార్లు, గాలి కొట్టే బ్లోయర్, అన్ని కలిపి ముప్పై లక్షలకు పైమాట. సర్పంచ్ సాబ్ అటు మొగ్గుతున్నడు. నా మనసు ఒప్పుతలేదు గని ఎందుకు వద్దో చెప్పనీకి వస్తలేదు. చిన్న ఊర్ల చేసినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి.

ప్లాంటుకాపలా
2023 మార్చి 11, ఉదయం 9:15

అన్నా, నేను హైదరాబాద్‌ల మూడు అపార్ట్‌మెంట్ల ఎస్టీపీలు, అంటే మురుగు శుద్ధి ప్లాంట్లు చూసుకుంట. ఎందుకు వద్దో నేను చెప్త. ఆ ట్యాంకులల్ల మురుగును తినేది కంటికి కనపడని పురుగులు. వాటికి రాత్రింబగళ్లు గాలి అందాలె. ఒక్క రోజు బ్లోయర్ ఆగితే కంపు మొదలైతది, మళ్ల దారికొచ్చేటందుకు వారం పైన పడ్తది. నాలుగు వందల ఫ్లాట్లోళ్లే ప్రతి మీటింగుల కరెంటు బిల్లు మీద కొట్లాడుకుంటరు, రాత్రి పూట బంద్ పెట్టమని నా చెవుల చెప్తరు. మీ పంచాయతీల వీధిలైట్ల బిల్లు టైముకు కడ్తున్నరా? దానికి జవాబు చెప్పుకుంటే ఇది కూడ తేలిపోతది.

మాజీ_ఏఈ
2023 మార్చి 11, మధ్యాహ్నం 1:05

నేను గ్రామీణ నీటి సరఫరాలో అసిస్టెంట్ ఇంజనీరుగా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. తమ్ముడూ, ప్లాంటు సంగతి తరువాత. ముందు నీ మోరీలో రోజుకు ఎన్ని నీళ్లు వస్తున్నాయో తెలుసా? జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు, మిషన్ భగీరథ లెక్కలో పల్లెకు 100 లీటర్లు. వాడిన నీళ్లలో మూడింట రెండు వంతులు మురుగు అనుకుంటాం. ఈ రెండు లెక్కలూ వేస్తే మీ ఊరికి ఒకటి 55 వేలు, ఇంకోటి లక్ష లీటర్లు వస్తుంది. ఏ అంకె పట్టుకుంటే దానికి తగ్గ ప్లాంటు, దానికి తగ్గ బిల్లు. అందుకని నువ్వే కొలువు. మోరీ చివర ఒక అడ్డు పెట్టి పైపు ముక్క బిగించు, 20 లీటర్ల బకెట్ పట్టుకుని ఎన్ని సెకన్లలో నిండుతుందో రాసుకో. తెల్లవారుజాము 5 నుంచి రాత్రి 9 దాకా గంటకోసారి.

ఇంకోటి. మోరీ వెంట నడుచుకుంటూ పోయి, ఎన్ని ఇళ్ల లెట్రిన్ పైపులు అందులోకి దిగాయో లెక్కపెట్టు. అది తెలియకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా దండగ.

లంకగట్టు
2023 మార్చి 11, సాయంత్రం 6:30

మాది కోనసీమండి. మీ బాధ వింటే నవ్వొస్తోంది, ఏమీ అనుకోకండి. మాకు నాలుగడుగులు తవ్వితే నీళ్లు పైకొస్తాయి, మీకేమో పోసిన నీళ్లు కిందికి పోవు. ఇద్దరికీ ఇచ్చిన డ్రాయింగు మాత్రం ఒకటేనండి! గుంత అడుగుకీ భూగర్భ జలానికీ మధ్య రెండు మీటర్లు ఉండాలని మాకొచ్చిన పుస్తకంలోనే రాసుంది. రెండు మీటర్లంటే మేం లెట్రిన్ మేడ మీద కట్టుకోవాలండి. వానాకాలంలో మా వీధిలో సెప్టిక్ ట్యాంకులోంచి నీళ్లు వెనక్కి తన్ని బేసిన్లో తేలతాయి.

ఎర్రచెలక
2023 మార్చి 12, ఉదయం 8:20

అనంతపురం జిల్లా సార్. మా పక్క ఎర్రనేల, గరపమన్ను. ఇంకుడు గుంతలు బాగానే పని చేస్తాండాయి. మహారాష్ట్రలో నాందేడ్ పద్ధతి అంటారే, టెంభుర్ని అనే ఊర్లో మొదలైంది, అది చూసొచ్చి మావాళ్లు చేసినారు. నాలుగడుగుల గుంత, నడుమ బొక్కలు పెట్టిన సిమెంటు తొట్టి, చుట్టూ కంకర. మోరీ లేని ఊరైతే దోమ కూడా లేదు. కానీ ఒక సంగతి ఎవురూ చెప్పరు. ఆ తొట్టిలోకి పోయే ముందు చిన్న గిన్నె లాంటి గుంట ఉంటాది, మెతుకులు, నూనె జిడ్డు, వెంట్రుకలు అక్కడ ఆగాల. వారానికొకసారి దాన్ని ఎత్తి పారేయాల. మా వీధిలో పది గుంతలుంటే నాలుగిండ్లోళ్లే ఎత్తేది. మిగిలిన ఆరూ రెండేండ్లకే పూడిపోయినాయి. నేల మంచిదైనా మనిషి ఎత్తకపోతే అంతేనప్పా.

రేగడిపోరడు
2023 మార్చి 14, రాత్రి 9:50

ఏఈ సార్, చెప్పినట్టే చేసిన. నిన్న పొద్దుగాల అయిదింటి నుంచి మోరీ కాడ కూసున్న. పిల్లలు చుట్టు చేరిన్రు, ఏందన్నా బకెట్‌ల చేపలు పడ్తున్నవా అని. నల్లా ఇడిసినాక ఆరున్నరకు 9 సెకన్లల్ల నిండింది, మధ్యాహ్నం 45 సెకన్లు పట్టింది. అన్ని కూడితే రోజుకు దగ్గర దగ్గర 62 వేల లీటర్లు.

రెండో పనికి ఇయ్యాల పోయిన. దీనికి మాత్రం తల తిరిగింది. 340 ఇండ్లల్ల 112 ఇండ్ల సెప్టిక్ ట్యాంకు పైపులు సక్కగ మోరీల ఉన్నయి. అన్ని నాలుగించుల తెల్ల పైపులే, కొన్నిటికి మీద బండ కప్పిన్రు కనపడకుండ. ఒకటి మా పెద్దనాయిన ఇంటిది. అడిగితే "నువ్వు మెంబర్ అయినవని నా లెట్రిన్ల తల పెడ్తావురా" అన్నడు.

మాజీ_ఏఈ
2023 మార్చి 15, ఉదయం 6:55

మీ పెద్దనాయన మీద కోపం పెట్టుకోకు, మేస్త్రీ కట్టిచ్చిందే ఆయన వాడుతున్నాడు. సెప్టిక్ ట్యాంకు అంటే మురుగు శుద్ధి అయిపోయినట్టు అని అందరూ అనుకుంటారు. కాదు. అందులో బరువైనది అడుగుకు దిగుతుంది, జిడ్డు పైన తెట్టు కడుతుంది, మధ్యలో నీళ్లు బయటికి పోతాయి. ఆ నీళ్లలో రోగాలన్నీ అలాగే ఉంటాయి. అందుకే ఐఎస్ 2470 కోడ్‌లో ట్యాంకు తరువాత ఇంకుడు గుంతో, ఇంకుడు కందకమో కట్టాలని ఉంది. మన మేస్త్రీలు ట్యాంకు వరకు కట్టి, పైపు మోరీ వైపు తిప్పి చేతులు కడుక్కుంటారు.

కాబట్టి నీ కుంటలోకి పోయేది వంటింటి నీళ్లూ, స్నానం నీళ్లూ మాత్రమే కాదు. ఇప్పుడు దానికి తగ్గట్టు ఆలోచిద్దాం.

చెరువుమీద_ప్రేమ
2023 మార్చి 15, ఉదయం 10:10

అసలు మొదటే రెండు గుంతల లెట్రిన్లు కట్టుంటే ఈ గొడవ ఉండేదా? ఒకటి నిండితే రెండోదానికి మళ్లించడం, మొదటిదాన్ని మూసి ఏడాది పైన వదిలేయడం. లోపలిది మట్టిలాగా పొడిపొడిగా అవుతుంది, వాసన ఉండదు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గారే గుంతలోకి దిగి ఆ ఎరువు ఎత్తారు. పేపర్లన్నిటిలో ఫొటో వచ్చింది.

మాజీ_ఏఈ
2023 మార్చి 15, ఉదయం 11:30

నిజమే, కొత్తగా కట్టేవాళ్లకు నేనూ అదే చెబుతాను. కానీ 112 ఇళ్లలో అప్పుచేసి కట్టుకున్న ట్యాంకులు పగలగొట్టమని గ్రామసభలో అనగలమా? పైగా రేగడిలో ఆ గుంతలూ పెద్దవి కావాలి, చుట్టూ ఇసుక పోయాలి.

నల్లమట్టి_టెక్సాస్
2023 మార్చి 15, రాత్రి 11:20

డాలస్ బయట ఎకరం స్థలంలో మా ఇల్లు. సొంతూరు నంద్యాల దగ్గర. నవ్వుకోకండి, ఇక్కడి నేల కూడా మన రేగడే. ఎండాకాలం అరచెయ్యి పట్టేంత పగుళ్లు, వానొస్తే చెప్పు వదలదు. మట్టి శాస్త్రంలో రెండూ ఒకే జాతి, వర్టిసాల్. అందుకే ఇక్కడా మామూలు ఇంకుడు కందకం పనికిరాదని మా ఇంటికి గాలి కొట్టే చిన్న ప్లాంటు పెట్టారు. శుద్ధి అయిన నీళ్లు క్లోరిన్ బిళ్లల మీదుగా పోయి పెరట్లో స్ప్రింక్లర్లతో గడ్డి మీద పడతాయి. దానికి మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఉంది, మనిషొచ్చి చూసి రిపోర్టు పంపిస్తాడు. ఒక చలికాలం గాలి పంపు ఆగింది. నేను గమనించేసరికి పక్కింటాయన వచ్చి తలుపు కొట్టాడు, వాసన ఆయనకే ముందు తెలిసింది. అన్ని హంగులూ ఉన్న చోటే ఇది. ఊరంతటికీ ఒకే బ్లోయర్ మీద ఆధారపడొద్దు.

ఇక్కడ ఇంకో పద్ధతికీ అనుమతి ఉంది. నీళ్లు భూమిలోకి ఇంకవు గనక పైకి ఆవిరి చేయడం. కంకర, ఇసుక నింపిన కందకంలోకి ట్యాంకు నీళ్లు వదిలి, పైన బాగా నీళ్లు తాగే మొక్కలు పెడతారు. మన ఎండలకు అరటి పెడితే ఎలా ఉంటుందంటారు ఏఈ గారూ?

మాజీ_ఏఈ
2023 మార్చి 16, ఉదయం 7:10

బాగుంటుంది. పెరడు ఉన్న ఇళ్లకు అదే చెబుదాం. పెరడు లేనివాళ్ల ట్యాంకు నీళ్లను మోరీలో కాకుండా మూసిన సన్న పైపులో ఊరి కిందికి తీసుకుపోవచ్చు. బరువైనదంతా ఇంట్లోని ట్యాంకులోనే ఆగుతుంది కాబట్టి పట్నంలో వేసేంత పెద్ద పైపులు అక్కర్లేదు, వాలు కూడా తక్కువ చాలు.

ఇక అసలు మాట. తమ్ముడూ, రేగడి నీళ్లు ఇంకనివ్వదని నువ్వు బాధపడుతున్నావు. మీ ఊరి కుంట ఇన్నేళ్లు నిలిచింది ఎందుకు? అదే రేగడి వల్ల. ఇంకుడు గుంతకు శత్రువైన నేల, నీళ్లు నిలబెట్టే మడుగుకు చుట్టం. అడుగున ప్లాస్టిక్ షీటు కూడా వేయనక్కర్లేదు, తడిపి దిమ్మిస కొడితే చాలు. ఒక్కటే జాగ్రత్త, దాన్ని ఎన్నడూ ఎండనివ్వకూడదు. ఎండితే పగుళ్లిస్తుంది.

ముందు ఒక జాలీ, తరువాత మట్టీ బురదా దిగే తొట్టి. ఆపైన రెండు మడుగులు. మొదటిది మీటరున్నర లోతు, ఎనిమిది రోజుల నీళ్లు పట్టాలి. మీ 62 వేల లీటర్లకు నీటి వైశాల్యం 330 చదరపు మీటర్లు. రెండోది మీటరు మీద కొంచెం లోతు, నాలుగు రోజులకు సుమారు 210. కలిపి అయిదున్నర గుంటలు, గట్లూ దారీ వేసుకుంటే పది పన్నెండు గుంటలు. ఇందులో మోటారు లేదు. పగలు ఎండకు పచ్చని నాచు గాలి పుట్టిస్తుంది, ఆ గాలితో పురుగులు మురుగును తింటాయి. అపార్ట్‌మెంట్లో బ్లోయర్ చేసే పని ఇక్కడ సూర్యుడు చేస్తాడు. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయంటే అది బాగా పని చేస్తున్నట్టు. జనం మాత్రం ఆ రంగు చూసి పాచిపట్టిందని నిన్ను తిడతారు, సిద్ధంగా ఉండు.

ఇళ్లకు కనీసం 200 మీటర్ల దూరం, ఊరి మీదికి గాలి రాని దిక్కు చూసుకో.

లంకగట్టు
2023 మార్చి 16, ఉదయం 9:00

గుంట అంటే మా సెంట్లలో రెండున్నరండి. మావాళ్లు చదువుతున్నారు, వాళ్ల కోసం రాశాను. దోమల సంగతి ఏంటండి మరి?

మాజీ_ఏఈ
2023 మార్చి 16, ఉదయం 9:40

దోమ నడిమధ్యలో గుడ్లు పెట్టదు, గట్టు పక్కన గడ్డిలో పెడుతుంది. నీటి అంచు పొడవునా రాళ్లు పరిస్తే గడ్డి మొలవదు. తాండూరు వాళ్లకు నాపరాళ్లు నేను చెప్పాలా? రెండో మడుగులో దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదలండి.

ట్యాంకర్_అన్న
2023 మార్చి 17, రాత్రి 10:35

నేను సెప్టిక్ ట్యాంకులు గుంజే బండి నడుపుత. ఒక లోడు నాలుగు వేల లీటర్లు. ఇన్ని లెక్కలు చెప్పిన్రు గని ట్యాంకుల అడుగున ఉన్న బురద సంగతి ఎవ్వరు అడుగలే. రెండు మూడేండ్లకు ఒకసారి గుంజాలె, మన దిక్కు పదేండ్లకు కూడ పిలువరు, నిండి పొంగినాకనే ఫోన్ చేస్తరు. ఎక్కడ పోస్తవు అని మాత్రం ఎవ్వరు అడుగరు. శుద్ధి చేసే జాగ పట్నం దిక్కు ఉంటది, డీజిల్ గిట్టదు. అందుకని రైతులే రమ్మంటరు, చేన్ల పోయిమంటరు. తప్పే అని నాకు తెలుసు. జాగ చూపిస్తే ఆడనే పోస్త.

ఒక్క మాట గట్టిగ చెప్త. ఎవ్వరు లోపలికి దిగొద్దు. పైన మూత తీసి గంట సేపు పెట్టినం అన్నా దిగొద్దు. మా హెల్పర్ పిల్లగాడు పైపు ఇరుక్కుందని మూత కాడ వంగి తల లోపల పెట్టిండు, అంతే, సోయి తప్పిండు. నేను బెల్టు పట్టి ఎనకకు గుంజిన. దిగి ఉంటే ఇద్దరం పోయేటోళ్లం. మొదట కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తది, గాలి ఎక్కువైతే ఆ వాసన కూడ తెల్వదు. వాసన లేదని దిగినోళ్లే సచ్చిపోతరు. రక్షణ సామాను లేకుండ మనిషిని దింపుడు 2013 చట్టం ప్రకారం నేరం, దింపినోళ్లకు జైలు. సుప్రీంకోర్టు 2014ల చనిపోయినోళ్ల ఇంటికి పది లక్షలు ఇయ్యాలన్నది. పది లక్షలకు మనిషి వస్తడా?

మాజీ_ఏఈ
2023 మార్చి 18, ఉదయం 6:40

అన్నా, నువ్వు రాసింది ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైనది. బురదకు ఒక దారి ఉంది. బావులకూ బోర్లకూ దూరంగా, నీళ్లు నిలవని చోట కందకాలు తవ్వి, అందులో పోసి, పైన అడుగు మందం మట్టి కప్పి చెట్లు పెట్టాలి. తోటకూర, పాలకూర లాంటివి మాత్రం ఆ దరిదాపుల్లో వద్దు. ఏలికపాము గుడ్డు మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. మడుగు నీళ్ల సంగతీ అంతే. 8 నుంచి 10 రోజులు నిలిస్తే ఆ గుడ్లు అడుగుకు దిగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో చెప్పింది, మనం 12 రోజులు నిలుపుతున్నాం. మొక్కజొన్నకూ, పత్తికీ, పశువుల గడ్డికీ ఇవ్వచ్చు. పచ్చిగా తినేవాటికి ఇవ్వొద్దు.

ఎర్రచెలక
2023 మార్చి 18, ఉదయం 8:15

దుడ్లు ఎంత వస్తాయప్పా?

రేగడిపోరడు
2023 మార్చి 18, రాత్రి 8:30

సెక్రటరీ మేడంను అడిగిన. స్వచ్ఛ భారత్ రెండో దశల 5,000 లోపల జనం ఉన్న ఊరికి మురుగునీళ్ల పనికి మనిషికి 280 రూపాయల దాంక ఇస్తరంట. మాకు 4 లక్షల 20 వేలు. అందుల 30 శాతం, అంటే 1 లక్ష 26 వేలు, మా పంచాయతీ 15వ ఆర్థిక సంఘం పైసలల్ల నుంచే పెట్టుకోవాలె. తవ్వుడు ఉపాధి హామీల అయితది. కంపెనీ ఆయన అడిగిన ముప్పై లక్షలు యాడికెళ్లి వస్తయని సర్పంచ్ సాబ్‌ను అడిగిన. "అది వాళ్లే చూసుకుంటరన్నరు" అన్నడు. వాళ్లంటే ఎవరో ఆయనకూ తెల్వదు.

జాగ కూడ చూపిచ్చిండు, కుంట పక్కనే.

మాజీ_ఏఈ
2023 మార్చి 19, ఉదయం 7:00

కుంట పక్కన అంటే కుంట నిండితే మునిగే శిఖం భూమేనా? వద్దు. కుంట నిండితే మడుగులూ కుంటా ఒకటవుతాయి, పడ్డ కష్టమంతా పోతుంది. పైగా శిఖంలో కట్టనివ్వరు. ఇంకో జాగా చూడు. అది మోరీ చివరికన్నా కిందికి ఉండాలి, నీళ్లు వాటంతటవే పారాలి. మేస్త్రీ దగ్గర నీళ్లు నింపిన సన్న ట్యూబు ఉంటుంది కదా, దానితోనే చూసుకోవచ్చు.

రేగడిపోరడు
2023 జూన్ 4, రాత్రి 9:10

మధ్యల రాయలేకపోయిన, మాఫ్ చేయుండ్రి. గ్రామసభ రెండుసార్లు వాయిదా పడ్డది, మూడోసారి కూసున్నం. 62 వేల లీటర్ల లెక్క చెప్తే ఎవ్వరు పట్టించుకోలే. 112 పైపుల మాట రాంగనే లొల్లి మొదలైంది. పైపులు మూసేయాలని ఒకరు, ముందు మెంబర్ పెద్దనాయిన ఇంటిదే మూయాలని ఇంకొకరు. అప్పుడు మహిళా సంఘం అధ్యక్షురాలు లేచి ఒక్కటే అడిగింది, ఈసారి బతుకమ్మ నీళ్లల్ల వేస్తమా, గట్టు మీద పెడ్తమా అని. సల్లబడ్డరు.

మిషన్ వద్దని తీర్మానం అయింది. కుంటకు దూరంగ, ఊరికి 300 మీటర్ల కింద గైరాన్‌ల, అంటే పశువులు మేసే ఊరుమ్మడి భూమిల, 12 గుంటలు చూసినం. మేస్త్రీ ట్యూబు పట్టి చూస్తే మోరీ చివరికి అక్కడికి మూడడుగుల వాలు ఉంది. మొదటి మడుగు తవ్వుడు అయిపోయింది, రెండోది సగం అయింది, వానలు ముంగటనే ఉన్నయి. పెరడున్న 40 ఇండ్లోళ్లు అరటి కందకానికి ఒప్పుకున్నరు. మొదలు పెద్దనాయిన ఇంట్లనే తవ్వినం, గెల వస్తే సగం నాకు ఇస్తనన్నడు. మిగిలిన 72 ఇండ్ల పైపుకు పైసలు సాలుతలేవు, అది వచ్చే ఏడాదికి పోయింది. అందుకే లెట్రిన్ నీళ్లు ఇంకా కొంత మోరీలనే ఉన్నయి.

జాలీ మాత్రం పెట్టినం. మొదటి రోజు పొద్దుగాల పోయి చూస్తే షాంపూ పాకిట్లు, గుట్కా కవర్లు, ఒక చిన్నపిల్లల చెప్పు, సగం కొబ్బరి చిప్ప. రోజు ఎవరు ఎత్తాలన్నది తేలలే. సఫాయి ఆమె ఒక్కతే, ఉన్న పనికే జీతం టైముకు వస్తలేదు. నెల దాంక వార్డుకు ఒక వారం మెంబర్లే ఎత్తాలని రాసుకున్నం. ఈ వారం నాది. గొట్టం చివరకు కొక్కెం కట్టిన కట్టె చేయించిన, చెయ్యి పెట్టే పని లేదు.

ప్లాంటుకాపలా
2023 జూన్ 4, రాత్రి 9:40

చేతులకు గ్లవ్స్ మర్వకు. ఇంకోటి, ఆ కొబ్బరి చిప్పలు జాలీ కాడ్నే పారేస్తే మళ్ల మోరీలకే పోతయి. పక్కన ఒక డ్రమ్ము పెట్టుకో.

రేగడిపోరడు
2023 జూన్ 5, ఉదయం 6:20

పెడ్త అన్నా. ఏఈ సార్, రెండో మడుగు నుంచి బయటికి పోయే కాల్వల మెట్టతామర పెట్టమన్నరు గద ఫోన్ల, దుంపలు యాడ దొరుకుతయి? నర్సరీల చెట్టుకు ముప్పై రూపాయలు చెప్తున్నరు.

ట్యాంకర్_అన్న
2023 జూన్ 5, ఉదయం 6:45

కొనకు తమ్మి. మా ఇంటెనక తానాల గది గోడపొంటి గుబురుగ ఉన్నయి. ఆదివారం మీ దిక్కే లోడు ఉంది, రెండు సంచులు తవ్వి క్యాబిన్‌ల ఏసుకొస్త. బురద పోసే కందకం తయారున్నదా, బండి ఆడికే తేవాల్నా?